ఓకే పక్కన రాసిన అర్థం

పెళ్ళిచూపులయ్యాక "వాళ్ళు ఓకే అన్నారట" అని కబురొస్తుంది. ఆఫీసులో ఫైలు ఓకే అవుతుంది, స్టూడియోలో టేకు ఓకే అవుతుంది, జ్వరం దిగిన మనిషి "ఇప్పుడు ఓకే" అంటాడు, సినిమా ఎలా ఉందని అడిగితే పెదవి విరుస్తూ మళ్ళీ ఆ ఓకేనే అంటాడు. సరే, అలాగే, మంచిది, ఫర్వాలేదు, కానివ్వండి అనే మాటలన్నీ పంచుకుని చేసే పనిని ఈ రెండక్షరాలు మూటగట్టి ఎత్తుకున్నాయి. ఇంగ్లీషు బడి మొహం చూడనివాళ్ళ నోట కూడా ఇది పరాయి మాటలా వినిపించదు. దీర్ఘం ఒకటి తీసేస్తే మన 'ఒకే' అయిపోయేంత దగ్గరగా వచ్చి కూర్చుంది మరి. ఇంత వాడుకలో ఉన్న మాటకు పుట్టుక ఏ చీకట్లోనో కలిసిపోయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కానీ దీనికి ఊరు, తేదీ, పేపరు పేరు, పేజీతో సహా దొరుకుతున్నాయి: అమెరికాలోని బోస్టన్ నగరం, 1839 మార్చి 23, 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్', రెండో పేజీ. అయితే ఆ తేదీ కంటే విలువైన సాక్ష్యం ఇంకొకటి అదే పేజీలో ఉందని నా వాదన. ఆ మాట పక్కనే దాని అర్థం కూడా అచ్చయింది. పాత పేపర్లలో ఒక మాట వయసు తేల్చాలంటే తేదీ ఒక్కటీ చూస్తే చాలదు. ఆ మాటకు సంపాదకుడు అర్థం చెప్పాడా, చెప్పకుండా వదిలేశాడా, లేక దాని గురించి కథ చెప్పాడా అన్నది చూడాలి.

ముందు ఆ పేజీని దగ్గరగా చూద్దాం. బోస్టన్‌లో ఆ రోజుల్లో గంటల వ్యతిరేక సంఘం అని ఒకటుండేది. భోజనానికి పిలవడానికి గంటలు కొట్టకూడదని నగరపాలక సభ ఒక నిబంధన పెడితే, దాన్ని ఎగతాళి చేయడానికి కొందరు సరదా మనుషులు పెట్టుకున్న సంఘం అది. తమ పేరును కూడా పొడి అక్షరాల్లో ఎ.బి.ఆర్.ఎస్. అని రాసుకునేవాళ్ళు. ఈ సంఘం ప్రతినిధులు న్యూయార్కు వెళ్తున్నారని పోస్ట్ రాసింది. పక్క రాష్ట్రంలోని 'ప్రావిడెన్స్ జర్నల్' సంపాదకుడు దాన్ని అందుకుని, వాళ్ళు మా ఊరి మీదుగా వెళ్తారన్నట్టు రాశాడు. పోస్ట్ సంపాదకుడు చార్లెస్ గార్డన్ గ్రీన్‌కు ఇది చేతికి దొరికిన అవకాశమైంది. మీ ఊరి మీదుగా అని మేమెప్పుడన్నాం, తమరికి తొందరెక్కువ అని దెప్పిపొడిచి, ఒకవేళ మా వాళ్ళలో ఒకాయన తిరుగు ప్రయాణంలో మీ ఊరు వస్తే చందాల పెట్టె, వగైరా సరంజామా అంతా ఓ.కె., అంటే అంతా సరిగ్గా, సిద్ధం చేసి సీసాల బిరడాలు ఎగరగొడతారేమో అని ముగించాడు. చిన్న అక్షరాల్లో ఓ.కె., వెంటనే ఒక గీత, గీత పక్కన 'ఆల్ కరెక్ట్'. అంతే. ఇద్దరు సంపాదకులు ఒకరినొకరు గిల్లుకున్న నాలుగు ముక్కల మధ్య, ఏ వార్తా కాని చోట, మాట బయటపడింది. గ్రీన్ మర్నాటికి దాన్ని మరిచిపోయి ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఆల్ కరెక్ట్‌కు పొడి అక్షరాలు ఏ.సి. కావాలి కదా, ఓ.కె. ఎలా అయింది? అందులోనే ఉంది హాస్యం. 1838 వేసవి నుంచి బోస్టన్ పేపర్లలో పొడి అక్షరాల పిచ్చి పట్టింది. మన ఊరి పెద్దమనుషులు అనడానికి ఓ.ఎఫ్.ఎమ్., పని జరగదు అనడానికి ఎన్.జి., అప్పులు ఎగ్గొట్టి టెక్సస్‌కు చెక్కేశాడు అనడానికి జి.టి. అని రాసేవాళ్ళు. ఇవి పాతబడగానే కొందరు ఇంకో మెట్టు ఎక్కారు. చదువురానివాడు రాసినట్టు స్పెల్లింగు చెడగొట్టి, ఆ తప్పు స్పెల్లింగుకు పొడి అక్షరాలు తీయడం. మన హాస్య కథల్లో పాత్రచేత 'బాష', 'సంతోసం' అని అక్షరాలు తప్పు పలికించి నవ్విస్తారే, అలాంటిదే. ఆ లెక్కన 'ఆల్ కరెక్ట్' కాస్తా 'ఓల్ కొరెక్ట్' అయి, ఓ.కె. అయింది. తప్పుల్లేవు అనే మాటనే రెండు తప్పులతో రాయడం ఇందులోని చమత్కారం. దీనికి ఒక కవల కూడా ఉంది. 'ఆల్ రైట్'ను 'ఓల్ రైట్' చేసి, రెండో మాట స్పెల్లింగునూ చెడగొట్టి ఓ.డబ్ల్యూ. అన్నారు. అర్థం దాదాపు అదే, తయారీ అదే, పుట్టిన వీధీ అదే. ఆ కవల చచ్చిపోయింది, ఇది బతికింది. కాబట్టి ఓకేలో ఏదో మహత్తు ఉందనీ, నోటికి ఇంపుగా ఉంది కనుకే నిలిచిందనీ చెప్పే మాటలు నేను పెద్దగా నమ్మను. బతకడానికి కారణం బయట వెతకాలి. అది తర్వాత.

ఇప్పుడు అర్థం సంగతి. మార్చిలో గ్రీన్ అర్థం రాశాడు. సెప్టెంబరులో న్యూయార్కు 'ఈవెనింగ్ టాట్లర్' ఈ మాట వాడింది, అర్థంతో సహా. అక్టోబరు 9న ఫిలడెల్ఫియాలో యునైటెడ్ స్టేట్స్ బ్యాంకు వెండి బంగారాల చెల్లింపులు ఆపేసింది. రెండు రోజులకు, అక్టోబరు 11న, 'బోస్టన్ ఈవెనింగ్ ట్రాన్‌స్క్రిప్ట్' ఆ వార్త వేస్తూ మన ఊరి బ్యాంకు డైరెక్టర్లు సమావేశమయ్యే అవసరం కూడా ఉందనుకోలేదు, ఇక్కడంతా ఓ.కె. అని రాసి, బ్రాకెట్లో మళ్ళీ ఆల్ కరెక్ట్ అని చేర్చింది. ఈ మూడూ వరసగా పెట్టి చూస్తే రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, ఎగతాళి సంఘం ముచ్చట్లలో పుట్టిన మాట ఏడు నెలలు తిరక్కుండానే బ్యాంకుల వార్తలోకి, అంటే జనం గుండె దడదడలాడే చోటికి, వెళ్ళింది. రెండు, అక్కడిదాకా వెళ్ళినా దానికి చేతికర్ర అవసరం తీరలేదు. పాఠకుడికి తెలిసిన మాటకు ఏ సంపాదకుడూ అర్థం రాయడు, అచ్చు అక్షరాలు ఒక్కొక్కటిగా చేత్తో పేర్చే కాలంలో అసలే రాయడు. అర్థం రాశాడంటే మాట కొత్తది, లేదా ఈ వాడుక కొత్తది అని ఒప్పుకున్నట్టు. ఇదే 1839 సాక్ష్యానికి వెన్నెముక.

ఈ మాట ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎలా నడిచిందో కూడా చెప్పుకోవాలి. టెలిగ్రాఫు ఇంకా రాలేదు, మోర్స్ మొదటి తంతి వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు వెళ్ళింది 1844లో. ఆనాటి పేపర్లకు వార్తలు అందించింది తపాలా. 1792 నాటి తపాలా చట్టం ప్రకారం అమెరికాలో ఏ పత్రిక నడిపేవాడైనా తన పత్రిక ప్రతిని మరో పత్రికకు ఉచితంగా పంపుకోవచ్చు. అందుకని ప్రతి సంపాదకుడి బల్ల మీదా పక్క ఊళ్ళ పేపర్లు గుట్టలుగా పడి ఉండేవి. కత్తెర తీసుకుని నచ్చింది కత్తిరించి తన పేపర్లో వేసుకోవడం, కింద ఒక చురక తగిలించడం ఆనాటి సంపాదకుడి రోజువారీ పని. గ్రీన్‌కూ ప్రావిడెన్స్ ఆయనకూ జరిగింది అచ్చంగా అదే. అంటే పేపరు ఎక్కడో వీధిలో పుట్టిన మాటను చూసి రాసుకున్న గుమాస్తా కాదు ఇక్కడ. మాట పుట్టింది సంపాదకుల మధ్య, పెరిగింది వాళ్ళ కత్తెర్ల మధ్య. పొడి అక్షరాల హాస్యం కంటికి సంబంధించింది కూడా. స్పెల్లింగు తప్పు చెవికి వినపడదు, అచ్చులో చూస్తేనే నవ్వొస్తుంది. నోటి మాటగా పుట్టి ఉంటే ఈ చమత్కారానికి అర్థమే లేదు.

ఓ.డబ్ల్యూ. చచ్చి ఓ.కె. బతకడానికి కారణం 1840 ఎన్నికలు. అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి పోటీ చేస్తున్నాడు. ఆయన పుట్టిన ఊరు న్యూయార్కు రాష్ట్రంలోని కిండర్‌హుక్, కాబట్టి అభిమానులు ముద్దుగా ఓల్డ్ కిండర్‌హుక్ అన్నారు. పొడి అక్షరాలు చూసుకుంటే ఓ.కె.! ఇంకేముంది, మార్చి నెలలో న్యూయార్కులో ఆయన పార్టీ కుర్రాళ్ళు ఓ.కె. క్లబ్బు పెట్టారు. ఆ నెలాఖరులోనే ప్రత్యర్థి విగ్ పార్టీ సభ మీద పడి రభస చేశారు. దాంతో ఓ.కె. పేరు పేపర్లకెక్కింది. విగ్ పేపర్లు ఊరుకుంటాయా? అవే రెండక్షరాలకు ఖజానా ఖాళీ అనీ, ఘోర విపత్తు అనీ, నోటికొచ్చిన అర్థాలు తీసి ఎదురు కొట్టాయి. దేశమంతా ఓ.కె. అంటే ఏమిటి, ఏమి కాదు అని కొట్టుకున్నది ఆ ఒక్క ఏడాదే. వాన్ బ్యూరెన్ విలియమ్ హెన్రీ హారిసన్ చేతిలో ఓడిపోయాడు. మాట మాత్రం గెలిచింది. మన వైపు ఎన్నికల నినాదాలు పోలింగు మర్నాడే గోడ మీది పోస్టర్లతో పాటు చిరిగిపోతాయి కానీ, ఇది అభ్యర్థిని వదిలేసి తన దారి తాను చూసుకుంది.

ఈ గొడవలోనే అర్థం చెప్పే దశ పోయి కథ చెప్పే దశ వచ్చింది. 1840 మార్చి 30న 'న్యూయార్క్ మార్నింగ్ హెరాల్డ్' ఒక ముచ్చట వేసింది. వాన్ బ్యూరెన్‌కు ముందు అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్‌కు స్పెల్లింగు రాదనీ, కాగితాలు ఆమోదిస్తూ 'ఓల్ కొరెక్ట్' అనే అర్థంలో ఓ.కె. అని రాసేవాడనీ దాని సారాంశం. జాక్సన్ చేతిరాతలో అలాంటి కాగితం ఒక్కటీ దొరకలేదు. ప్రత్యర్థి పేపరు ఆయన్ని మొద్దుగా చూపించడానికి అల్లిన కథ అది. కానీ కథకున్న బలం బ్రాకెట్లోని అర్థానికి ఉండదు. రాజుగారు, రాతలో తప్పు, ఆమోద ముద్ర: ఈ మూడూ ఉన్న కథ ఎవరి నోటైనా నిలుస్తుంది. బోస్టన్ గంటల సంఘాన్ని అందరూ మరిచిపోయారు, జాక్సన్ కథ నిలిచింది. అంతేకాదు, అక్షరాలు అడుగున రాసి ఆమోదించడం అనే అలవాటుకు ఈ కట్టుకథే దారి చూపించి ఉంటుందన్న అభిప్రాయం పండితుల్లో ఉంది. ఫైలు మీద ఓకే పెట్టడం మనకెంత సహజమో చూస్తే అందులో న్యాయం ఉందనిపిస్తుంది. తర్వాతి దశాబ్దాల్లో తంతి ఆపరేటర్లు, రైలు స్టేషన్ల వాళ్ళు సందేశం అందింది, దారి బాగానే ఉంది అనడానికి ఈ రెండక్షరాలే కొట్టడం మొదలుపెట్టారు. అక్కడితో అర్థం చెప్పాల్సిన పనీ, నవ్వాల్సిన పనీ రెండూ పోయాయి.

ఇదంతా తవ్వి తీసిన మనిషి కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యుడు ఆలెన్ వాకర్ రీడ్. ఆయన మొదట 1941లో ఒక వ్యాసం రాసి, మాట పుట్టుక 1840 నాటి ఓ.కె. క్లబ్బు దగ్గరే అని తేల్చాడు. అప్పటికి చేతికందిన పేపర్లు అంతవరకే చెప్పాయి. ఆ తేల్చడం అందరూ మెచ్చుకున్నారు కూడా. ఇరవై ఏళ్ళు పైబడ్డాక, 1963–64లో 'అమెరికన్ స్పీచ్' పత్రికలో వరసగా వ్యాసాలు రాసి తన మొదటి తీర్పును తానే కొట్టేసి, బోస్టన్‌కు, 1839కి వెనక్కి నడిచాడు. కిండర్‌హుక్ పుట్టినిల్లు కాదు, మేనత్త ఇల్లు అని తేలింది. ఈ సవరణ వల్లే రీడ్ మీద నాకు నమ్మకం పెరుగుతుంది. తన సిద్ధాంతానికి సాక్ష్యం వెతికేవాడు తనకు అడ్డొచ్చే పేపరును పక్కన పెడతాడు. ఈయన అడ్డొచ్చిన పేపరుకే పీట వేశాడు. కంప్యూటర్లో మాట కొట్టి వెతికే వసతి లేని రోజుల్లో, పేజీ వెనక పేజీ కంటితో చదివి చేసిన పని అది.

అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది కాగితాలకు సంబంధించింది. 1839కి ముందే ఓ.కె. ఉందని రెండు చేతిరాత పత్రాలు చూపించేవాళ్ళు. టెనెసీలోని సమ్నర్ కౌంటీ కోర్టు రికార్డులో 1790 నాటి ఒక నమోదు, జాక్సన్ పేరుతోనే, చివర ఓ.కె. ఉందన్నారు. సరిగ్గా చూస్తే అది ఓ.ఆర్., అంటే ఉత్తర్వు నమోదైంది అనే కోర్టు గుమాస్తా గుర్తు. తొందర రాతలో ఆర్, కె అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండోది విలియమ్ రిచర్డ్‌సన్ అనే ఆయన 1815లో బోస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్ వెళ్తూ రాసుకున్న దినచర్య. ఊళ్ళ పేర్ల మధ్య ఓకే అని ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ అక్కడంతా కొట్టివేతలు, దిద్దుబాట్లు. ఆ వాక్యంలో ఆ చోట 'బాగుంది' అనే మాటకు పనే లేదు. రెండింటికీ ఉన్న లోటు ఒకటే: పక్కన అర్థం లేదు, చుట్టూ తోబుట్టువులు లేరు, ముందూ వెనకా వాడినవాళ్ళు లేరు. ఒంటరి అక్షరాలు ఎవరేమనుకుంటే అది అవుతాయి.

రెండో అభ్యంతరం గట్టిది. అచ్చులో మొదట కనిపించినంత మాత్రాన మొదట పుట్టినట్టా? ఈ ప్రశ్న తెలుగువాళ్ళకు కొత్త కాదు. అమరావతి రాతి మీది 'నాగబు'ను మనకు దొరికిన తొలి తెలుగు మాటగా చెప్పుకుంటాం. అంతమాత్రాన దానికి ముందు ఇక్కడ తెలుగు మాట్లాడలేదని ఎవరూ అనరు. రాయి దొరికిన తేదీ మాట పుట్టిన తేదీ కాదు. ఓకే విషయంలోనూ ఆ సూత్రం వర్తిస్తుంది, 1839 మార్చికి ముందు వారాల్లోనో నెలల్లోనో బోస్టన్ కుర్రాళ్ళు ఈ వేళాకోళం ఆడుకునే ఉండొచ్చు. అయితే శాసనానికీ పేపరుకూ తేడా ఒకటుంది. శాసనాలు వందేళ్ళకు నాలుగు దొరుకుతాయి, వాటి మధ్య ఖాళీలో ఏమైనా జరగొచ్చు. దినపత్రిక రోజూ వస్తుంది, రోజూ అదే మనుషులు అదే హాస్యాలు రాస్తుంటారు. ఓ.ఎఫ్.ఎమ్., ఎన్.జి. వంటివి కనిపిస్తున్న పేజీల్లో ఓ.కె. లేకపోవడం, తర్వాత కనిపించడం, కనిపించినప్పుడు అర్థం మోసుకురావడం, ఇవన్నీ కలిసి చెప్పే మాట ఒంటరి తేదీ చెప్పలేదు. పాత పేపర్లు లక్షల పేజీలు కంప్యూటర్లకెక్కిన తర్వాత కూడా ఆ తేదీని వెనక్కి జరిపే, పండితులంతా ఒప్పుకున్న సాక్ష్యం రాలేదు.

మూడో అభ్యంతరం దగ్గర నేను కాస్త తగ్గుతాను. ఆ పేపర్లు నడిపింది చదువుకున్న తెల్లవాళ్ళు. పొలాల్లో బానిసలుగా ఉన్న ఆఫ్రికన్ల మాటలు, చోక్తా వంటి స్థానిక జాతుల మాటలు ఆ కాలమ్‌లలోకి ఎలా వస్తాయి? పశ్చిమ ఆఫ్రికా వోలోఫ్ భాషలో అవును అని గట్టిగా అనడానికి 'వావ్ కే' అంటారనీ, ఓకేకు మూలం అదేననీ డేవిడ్ డాల్బీ అనే భాషావేత్త 1960ల చివర్లో వాదించాడు. చోక్తా భాషలో 'అంతే, నిజం' అనే అర్థంలో వాక్యం చివర 'ఓకే' వంటి శబ్దం రావడం కూడా నిజమే. అణగారినవాళ్ళ మాటలు అచ్చులో లేవు కాబట్టి వాడుకలోనూ లేవు అనడం అన్యాయం. ఆ నోళ్ళలో ఇలాంటి శబ్దం ముందే ఉండి ఉంటే, పేపరు మాట దక్షిణాదికి చేరినప్పుడు తొందరగా అతుక్కుని ఉండొచ్చు. కానీ ఉండొచ్చు అనడానికీ అక్కడి నుంచే వచ్చింది అనడానికీ మధ్య మెట్లు కావాలి. చుక్కలు పెట్టి పొడి అక్షరాలుగా రాయడం, 'ఆల్ కరెక్ట్' అని విప్పి చెప్పడం, అదే అచ్చులో పోసిన ఓ.డబ్ల్యూ. పక్కనే ఉండడం, వీటికి వోలోఫ్ మూలం జవాబు చెప్పలేదు. శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. త్రిలింగ దేశం నుంచి తెలుగు అనే పేరు వచ్చిందన్న మాట ఎంత గంభీరంగా, ఎంత పవిత్రంగా ఉన్నా, పండితులు అనుమానిస్తూనే ఉన్నారు కదా. పేరుకు గొప్ప పుట్టుక కావాలనే కోరిక బోస్టన్‌లోనూ బెజవాడలోనూ ఒకటే.

పేపర్లు పుట్టించిన పొడి అక్షరాలు నోటికెక్కడం ఎంత అరుదో మన పేపర్లు చూసినా తెలుస్తుంది. శీర్షికలో చోటు కోసం తెదేపా, భాజపా, వైకాపా అని తెలుగు పత్రికలు ఏళ్ళ తరబడి వేస్తున్నాయి. చూడముచ్చటగా, తెలుగుదనంతో ఉన్నాయి. టీ కొట్టు దగ్గర ఆ పేపరే చేత్తో పట్టుకుని మాట్లాడేవాడు మాత్రం టీడీపీ, బీజేపీ అనే అంటాడు. అచ్చుకూ నోటికీ మధ్య ఉన్న గోడ అది. 'సినారె' వంటి కొన్ని మాత్రమే దాన్ని దాటాయి, అది కూడా చలనచిత్ర గీతాలు ఇంటింటా మోగిన కవి పేరు కాబట్టి. ఓ.కె. ఆ గోడ దాటింది ఎన్నికల కొట్లాట భుజాల మీద ఎక్కి. ఇప్పుడు మన శీర్షికల్లోనే ఆమోదం అని వేయాల్సిన చోట ఓకే పడుతోంది, అక్షరాలు కలిసొస్తాయి కనుక. ఏ విలేకరీ దాని పక్కన బ్రాకెట్ పెట్టడు.

ఆ బ్రాకెట్ పోయిన తర్వాత ఏం జరుగుతుందో అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ దగ్గర కనిపిస్తుంది. ఆయన అధ్యక్షుడు కాకముందు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు, చరిత్ర రాసిన పండితుడు. ఈ మాటది చోక్తా మూలమని నమ్మి, కాగితాల మీద ఓ.కె. బదులు నాలుగక్షరాల 'ఒకె' స్పెల్లింగు, చివర హెచ్‌తో, రాసేవాడు. 1918లో ఓటో హైన్‌మన్ న్యూయార్కులో పెట్టిన గ్రామఫోను రికార్డుల కంపెనీ కూడా, యజమాని పేరు పొడి అక్షరాలు కలిసొచ్చాయని, అదే స్పెల్లింగుతో 'ఒకె' రికార్డ్స్ అని పేరు పెట్టుకుంది. అందరూ రాసే ఓ.కె. మీరెందుకు రాయరని విల్సన్‌ను అడిగితే, అది తప్పు కాబట్టి అన్నాడట.